టెన్త్ తర్వాత ఫొటోగ్రఫీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి ఈ ఏడాది టెన్త్ అయింది. ఫొటోగ్రఫీ తప్ప ఇంకేదీ చదవనంటున్నాడు. పెళ్ళిళ్ళకు కెమెరా పట్టుకోవడానికి చదువెందుకని మా బావగారు కొట్టిపారేస్తున్నారు. ఇంటర్ మాన్పించి ఇందులో చేర్పించవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చేర్పించండి, కానీ ఇంటర్‌ని వదిలేయకండి. ఐటీఐల్లో 'డిజిటల్ ఫొటోగ్రాఫర్' అనే ట్రేడ్ ఉంది. ఏడాది కోర్సు, టెన్త్ పాసైతే చాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాగా ఊరూరా దొరికే ట్రేడ్ మాత్రం కాదిది. ఎక్కడుందో ముందు వాకబు చేయండి. కేంద్ర శిక్షణ విభాగం డీజీటీ గుర్తింపు (చాలామంది పాత అలవాటుగా ఎన్‌సీవీటీ గుర్తింపు అంటారు) గురించి అడిగేటప్పుడు 'మీ ఐటీఐకి ఉందా' అని కాదు, 'ఈ ట్రేడ్‌కు ఉందా' అని అడగండి.

డిగ్రీ దాకా వెళ్ళాలంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ ఉంది. దానికి ఇంటర్ పాసై, ప్రవేశ పరీక్ష రాయాలి. పదహారేళ్ళకు కెమెరా తప్ప వద్దన్న పిల్లాడే పంతొమ్మిదేళ్ళకు ఈ డిగ్రీ కావాలనవచ్చు. అప్పుడు ఇంటర్ లేకపోతే తలుపు మూసుకున్నట్టే. ఐటీఐ ముగిశాకైనా ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించండి, రెండు రాష్ట్రాల్లోనూ ఆ వీలుంది. ఇక మీ బావగారి సందేహానికి జవాబు కింది పెళ్ళి ప్రశ్నల్లోనే దొరుకుతుంది.

ప్రశ్న: మూడు నెలల్లో మొత్తం నేర్పి ఉద్యోగం కూడా ఇప్పిస్తామంటున్నారు ఒక ప్రైవేటు సంస్థవాళ్ళు. నమ్మవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: ఉద్యోగం సంగతి పక్కన పెట్టి, బ్యాచ్‌లో ఎంతమంది, కెమెరాలు ఎన్ని అని అడగండి. ఇరవై మందికి రెండు కెమెరాలైతే రెండు గంటల క్లాసులో మీ చేతికి వచ్చేది పన్నెండు నిమిషాలే. తీసినవాటిని ప్రింట్ వేయించి తప్పులు చూపిస్తారా లేదా అన్నది రెండో ప్రశ్న. స్క్రీన్ మీద బాగున్న ఫొటో ప్రింట్‌లో నల్లగా రావడం కళ్ళారా చూస్తే తప్ప బుర్రకెక్కదు.

ప్రశ్న: ఐటీఐలో చదువుతూ సెలవుల్లో పెళ్ళిళ్ళకు అసిస్టెంటుగా వెళ్తున్నాను. ఫంక్షన్ హాల్లో తీసిన ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయి. కెమెరా పాడైందా?
– శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కెమెరాకు ఏమీ కాలేదు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు. ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు చొప్పున, నాసిరకం ఎల్‌ఈడీ లైటు సెకనుకు వందసార్లు తగ్గి హెచ్చుతుంది. కంటికి తెలియదు గానీ కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్‌కు తెలుస్తుంది. మీరు చప్పుడు లేకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి 1/250 స్పీడులో, అంటే సెకనులో 250వ వంతులో, తీస్తూ ఉండవచ్చు. ఆ షట్టర్ బొమ్మను వరసల వారీగా చదువుతుంది. కొన్ని వరసలు చదివేటప్పుడు లైటు నిండుగా, కొన్నిటికి సన్నగా ఉంటుంది. ఆ సన్నగా ఉన్నవే మీ చారలు.

ముందు మెకానికల్ షట్టర్‌కు మార్చండి. తర్వాత స్పీడు 1/100 గానీ 1/50 గానీ పెట్టండి. లైటు హెచ్చుతగ్గులు ఒకటో రెండో పూర్తిగా అందులో ఇమిడిపోతాయి కాబట్టి ప్రతి వరసకూ సమానంగా వెలుగు అందుతుంది. స్టేజీ వెనకాల పెట్టే ఎల్‌ఈడీ గోడ మాత్రం ఈ లెక్కకు లొంగదు. దాని వేగం వేరు. ముహూర్తానికి ముందే ఖాళీ స్టేజీని రెండు మూడు స్పీడుల్లో తీసి చూసుకోండి.

అయితే 1/100లో తలంబ్రాలు తీస్తే చేతులు, బియ్యం గింజలు సాగిపోతాయి. అక్కడ కదలికను ఆపేందుకు ఫ్లాష్ వాడాల్సిందే. తెల్లటి సీలింగ్ ఉంటే ఫ్లాష్ తల పైకి తిప్పండి. ఎర్రగుడ్డ పందిరి కింద అలా తిప్పారో, పెళ్ళికూతురు ముఖం కుంకుమ రంగుకు తిరుగుతుంది. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో దాటకూడని షట్టర్ స్పీడు హద్దు 1/200 దగ్గర ఉంటుంది. అది దాటితే ఫొటోలో ఒక అంచున దట్టమైన నల్లపట్టీ వస్తుంది. పలచటి చారలు చాలా వస్తే లైటు తప్పు, ఒక్క పట్టీ అంచును మింగేస్తే మీ తప్పు.

ప్రశ్న: 12×36 ఆల్బమ్‌లో రెండు పేజీలకూ ఒకే ఫొటో పరిచాం. పెళ్ళికొడుకు ముఖం మడతలో పడింది, బొమ్మ కూడా మసకగా ఉంది. ల్యాబ్‌వాళ్ళను అడిగితే ఫైలు మీదేగా అంటున్నారు.
– స్టూడియోలో పని నేర్చుకుంటున్న అమ్మాయి, నిజామాబాద్

జవాబు: ఈసారి ల్యాబ్‌వాళ్ళ మాటే నిజం. 24 మెగాపిక్సెల్ ఫొటో 6000×4000 ఉంటుంది. 12×36 అంటే ఒకటికి మూడు కాబట్టి, పైనా కిందా కోసేస్తే మిగిలేది 6000×2000. దాన్ని 36 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 166 పిక్సెళ్ళే. దగ్గరి నుంచి చూసే ప్రింట్‌కు 300 ఉండటం మంచిది. 166తో ఎలాగో నెట్టుకొస్తుంది. కానీ అసలు ఫొటోలోంచి సగం వెడల్పు ముక్కనే కోసి పరిస్తే 83కు పడిపోతుంది. మీకు జరిగింది అదే అయ్యుంటుంది.

మడత 18వ అంగుళం దగ్గర పడుతుంది. డిజైన్‌లో అక్కడ గైడ్ లైన్ గీసుకుని, దానికి అటూఇటూ అంగుళం మేర ముఖాలు, చేతులు రాకుండా చూసుకోండి. ఫొటో తీసేవాళ్ళకూ ముందే చెప్పండి: పరిచే ఫొటో కావాలంటే జంటను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదలాలి. ఫైలును ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగ్‌లో పంపండి. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే చాలా ల్యాబుల్లో పట్టుచీర ఎరుపు వెలిసిపోయినట్టు వస్తుంది.

ప్రశ్న: కోర్సు కోసం సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనాలి. ఏం చూడాలి?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మూడు చాలు. మొదటిది, షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూపించమనండి. విద్యార్థులు కొనే చిన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లను దాదాపు లక్ష క్లిక్‌ల లెక్కతో చేస్తారు. ఎనభై వేలు దాటినదైతే ధర బాగా తగ్గాలి. రెండోది, లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. ఎంత చవకైనా వద్దు. మూడోది, ఎఫ్ 16 (లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే సెట్టింగ్) పెట్టి తెల్లగోడను ఫోకస్ తప్పించి తీయండి. మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీది దుమ్ము, శుభ్రం చేయిస్తే పోతుంది. భయపడనక్కర్లేదు, ధర మాత్రం కాస్త దించమనండి.