పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: రగ్బీలో నేషన్స్ కప్

ప్రశ్న: రగ్బీ యూనియన్‌లో (జట్టుకు పదిహేను మంది ఆడే రగ్బీలో) నేషన్స్ కప్ అనే చిన్న పోటీని ఎందుకు ప్రారంభించారు? అందులో పెద్ద దేశాల 'ఎ' జట్లు ఎందుకు ఆడేవి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రగ్బీలో అగ్రశ్రేణి దేశాలు ఎక్కువగా తమలో తామే ఆడుకుంటాయి. యూరప్‌లోని ఆరు అగ్రశ్రేణి జట్ల పోటీ అయిన సిక్స్ నేషన్స్‌లోకి కింది స్థాయి జట్టు ఎదిగి వచ్చే దారి లేదు. రొమేనియా, జార్జియా, నమీబియా, ఉరుగ్వే వంటి జట్లకు ప్రపంచ కప్‌ల మధ్య కాలంలో గట్టి ప్రత్యర్థులు దొరకడం కష్టమయ్యేది. ఆ కొరత తీర్చేందుకే అంతర్జాతీయ రగ్బీ బోర్డు 2006లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఈ పోటీని ఆరంభించి, మరుసటి ఏడాది నుంచి 2016 వరకు రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లోనూ, 2017 నుంచి ఉరుగ్వే రాజధాని మోంటెవీడియోలోనూ జరిపించింది.

ఆతిథ్యానికి రొమేనియా తగిన చోటే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో రగ్బీ కాంస్యం గెలిచి, 1988లో కార్డిఫ్‌లో వేల్స్‌ను 15–9తో ఓడించిన దేశమది. అలాంటి జట్టు సరైన పోటీ లేక వెనుకబడటం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఇక 'ఎ' జట్ల విషయం. స్కాట్లాండ్, ఇటలీ, అర్జెంటీనా తమ ప్రధాన జట్టు తర్వాతి, రెండో శ్రేణి ఆటగాళ్లను 'ఎ' జట్లుగా పంపేవి. వారికి అనుభవం వచ్చేది, చిన్న జట్లకు తమ స్థాయి తెలిసేది. 2010లో నమీబియా ఈ కప్పు గెలవగా, 2012లో రొమేనియా సొంత ప్రేక్షకుల ముందే దాన్ని అందుకుంది.