ఓసీటీలో ఆ గీత చెరిగిపోతే కణాలు పోయినట్టేనా? నా ఆర్‌పీ అనుభవం

మీ తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ, కంటి వెనక ఉండే రెటీనా పొర మెల్లగా దెబ్బతినే జబ్బు) అని తేల్చి, ఓసీటీ అనే కంటి స్కాన్ రిపోర్టులో ‘ఎలిప్సాయిడ్ జోన్ లాస్’ అని రాశారు, అంటే వెలుతురు పట్టే కణాలు చచ్చిపోయినట్టేనా, వాటిని నేరుగా చూసే స్కాన్ ఉందా అని అడిగారు. నాకూ అదే జబ్బండీ, తెలిసి పదకొండేళ్లయింది. డాక్టర్ని కాను, కానీ ఈ మెషీన్లకి గడ్డం ఆనించి కూర్చున్న గంటలకి నాకో డిగ్రీ ఇవ్వొచ్చు.

ఓసీటీ రెటీనాని పూతరేకుని అడ్డంగా కోసి చూసినట్టు పొరలు పొరలుగా చూపిస్తుంది. అందులో కింది వైపు మెరిసే సన్నటి గీత ఒకటుంటుంది, అదే ఎలిప్సాయిడ్ జోన్. వెలుతురు పట్టే కణాలు రెండు రకాలు, మసక వెలుతురులో చూపుకి రాడ్‌లు, పగటి చూపుకీ రంగులకీ కోన్‌లు. వాటిలో శక్తినిచ్చే మైటోకాండ్రియా కిక్కిరిసి ఉండే భాగం ఆ గీతేనంటారు. గీత ఎంతమేర స్పష్టంగా ఉంటే అంతమేర కణాలు బాగున్నాయని లెక్క. మన జబ్బులో మామూలుగా ముందు పోయేవి రాడ్‌లు, అందుకే రేచీకటితో మొదలవుతుంది, గీత కూడా బయటినుంచి మధ్యకి తరుగుతూ వస్తుంది. కాబట్టి ‘లాస్’ అన్న మాటకే టెన్షన్ పడకుండా, మధ్యలో ఇంకా ఎంత వెడల్పు మిగిలిందో అడగండి, మైక్రాన్లలో కొలిచి చెబుతారు. అక్షరాల బోర్డుని నమ్ముకోవద్దు. నేను 6/6 చదివే రోజుల్లోనే సెకండ్ షోకి వెళ్లి, సీటు కనబడక ఒక పెద్దాయన ఒళ్లో కూర్చున్నాను.

ఏటా ఒకే మెషీన్ మీద తీయించండి. ఒకసారి నేను వెళ్లే ఆసుపత్రిలో మెషీన్ మారింది, పాత ప్రింటూ కొత్త ప్రింటూ పక్కపక్కన పెట్టి ‘బాగా తగ్గిపోయింది’ అనేశారు. నెల రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. తర్వాత ఇంకోచోట పాత రకం మెషీన్ మీదే తీయిస్తే తేడా కొద్దిగానే ఉంది! అప్పట్నుంచి ప్రింటుతో సరిపెట్టుకోకుండా ఇమేజ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకుంటున్నాను.

ఇక నేరుగా చూసే స్కాన్ ఉంది, అడాప్టివ్ ఆప్టిక్స్ అంటారు. అసలది నక్షత్రాలు చూసేవాళ్లది. గాలి కదలికకి చెదిరిన వెలుతురుని కొలిచి, ఆకారం మార్చుకునే అద్దంతో ఎప్పటికప్పుడు సరిచేస్తారు. కంట్లో కార్నియా, లెన్స్ కూడా వెలుతురుని అలాగే చెదరగొడతాయి కదా, 1997లో అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో డేవిడ్ విలియమ్స్ బృందం అలాంటి అద్దం పెట్టి బతికున్న మనిషి కంట్లో కోన్‌లని ఫొటోలు తీసింది.

ఉద్యోగం మీద అక్కడున్నప్పుడు ఒక స్టడీకి నేనూ పేరిచ్చాను. తల కదలకుండా మన పళ్ల అచ్చు తీసి, దాన్నే కరిచి పట్టుకోమంటారు. కంట్లో చుక్కలు, ఎదురుగా మసక ఎర్ర చతురస్రం, ఇటు చూడు అటు చూడు అంటూ రెండు గంటలు చిన్న చిన్న వీడియోలు. ఒక్కోదాంట్లో పడేది ఆవగింజంత మేర కూడా కాదు, అన్నీ అతికిస్తే ఒక బొమ్మ. తెర మీద చూస్తే మధ్యలో చాప మీద సగ్గుబియ్యం ఆరబోసినట్టు తెల్లటి చుక్కలు, అంచుకి పోయేకొద్దీ పల్చబడి నల్లటి ఖాళీలు. ఇన్ని మిగిలున్నాయా అని కళ్లల్లో నీళ్లొచ్చాయి, చుక్కల మందు మీదికి నెట్టేశాను.

నల్లగా ఉన్నచోటల్లా కణం లేదనుకోవద్దని అక్కడి రీసెర్చర్ చెప్పింది. కోన్ బయటి భాగం దెబ్బతింటే వెలుతురు సరిగ్గా వెనక్కి రాదు, స్ప్లిట్ డిటెక్టర్ అనే ఇంకో పద్ధతిలో లోపలి భాగం కనబడొచ్చు. పుట్టుకతోనే రంగులు తెలియని అక్రోమటాప్సియాలో చాలామందికి మిగిలిన కోన్‌లు అలాగే బయటపడ్డాయి.

మీ తమ్ముడికి ఇది అవసరం లేదు, ఎక్కువగా రీసెర్చ్‌లో వాడేది. ఓసీటీతో పాటు ఆటోఫ్లోరసెన్స్ (రెటీనా తనంతట తాను వెలువరించే మెరుపుని పట్టే ఫొటో) తీస్తే అందులో చాలామందికి తెల్లటి రింగు కనబడుతుంది, లోపలిది బాగున్న భాగం, అది కుదించుకుపోతోందేమో చూస్తారు. ఓసీటీలో మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాపు కనబడితే మాత్రం అశ్రద్ధ చేయొద్దు, దానికి మందులున్నాయి.

మా అమ్మానాన్నలది మేనరికం. ఇది జీన్లలో లోపంతో వచ్చే జబ్బు కాబట్టి, మీ ఇంట్లోనూ అంతే అయితే డాక్టరుకి చెప్పి జీన్ టెస్టు గురించి అడగండి. 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన లక్స్‌టర్నా అనే జీన్ చికిత్స ఆర్‌పీఈ65 అనే జీన్ రెండు కాపీలూ చెడినవాళ్లకే, అదీ కణాలు తగినన్ని బతికుంటేనే. నాది వేరే జీన్.

స్కాన్ రోజు చుక్కలేశాక కొన్ని గంటలు అంతా మసగ్గా ఉంటుంది, తమ్ముణ్ని ఒక్కణ్నే బండి మీద పంపకండి.