దుబాయ్ నుంచి కారులో మస్కట్ వెళ్లాలంటే ఏమేం కావాలి?

యూఏఈలో రెసిడెన్సీ ఉంటే చాలు, ఒమన్‌లోకి వదిలేస్తారని చాలామంది అనుకుంటారు. అలా వీసా లేకుండా వెళ్లే వీలు గల్ఫ్ దేశాల పౌరులకు ఉంది. వాళ్లు గుర్తింపు కార్డు చూపించి దాటేస్తారు. మన ఇండియా పాస్‌పోర్టు వాళ్లకు మామూలుగా ఒమన్ వీసా కావాలి. ఒమన్ పోలీసుల ఈ-వీసా సైట్‌లో గల్ఫ్ రెసిడెంట్ల వీసాకి బయల్దేరే ముందే అప్లై చేసుకోండి. పాస్‌పోర్టుకి కనీసం 6 నెలలు, రెసిడెన్సీకి 3 నెలలు గడువు ఉండాలి. ఇప్పుడు యూఏఈ వీసా పాస్‌పోర్టులో అంటించడం లేదు కాబట్టి ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ రెసిడెంట్ల గుర్తింపు కార్డు) మర్చిపోతే మీరు రెసిడెంటని చూపడం కష్టం. ఐడీలో గడువు తేదీ ఈ రాత్రే చూసుకోండి.

ఎక్కువమంది ఇరుక్కునేది కారు దగ్గర. మామూలు ఇన్సూరెన్స్ అన్నిసార్లూ ఒమన్‌లో చెల్లదు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, కారు బీమా ఒమన్‌లోనూ చెల్లుతుందని చూపే ‘ఆరెంజ్ కార్డ్’ అడగండి. కొన్ని పాలసీల్లో అది ఉచితంగానే వస్తుంది. బోర్డర్‌లోనూ ఇన్సూరెన్స్ కొనొచ్చు కానీ పండగ సెలవుల్లో ఆ క్యూలో పిల్లలతో నిలబడటం నరకం. ముల్కియా (కారు రిజిస్ట్రేషన్ కార్డు) మీ పేరు మీద లేకపోతే, అంటే అద్దె కారో, కంపెనీ కారో అయితే, లేదా కారు మీద బ్యాంకు లోన్ ఉంటే, వాళ్ల దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే) లెటర్ తీసుకోండి.

హత్తా దారిలో వెళ్తే ముందు యూఏఈ ఎగ్జిట్, తర్వాత అల్ వజాజా దగ్గర ఒమన్ ఎంట్రీ. వీసా కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి. బోర్డర్ దాటేచోట ఫోన్ సిగ్నల్ మారిపోయి మెయిల్ తెరుచుకోకపోవచ్చు. ఎగ్జిట్ ఫీజుకి కార్డుతో పాటు కొంచెం దిర్హమ్‌లు కూడా ఉంచుకోండి.