కుక్కకు చర్మవ్యాధి తిరగబెడుతుంటే ఏ యాంటీబయోటిక్ వాడాలి?

ప్రశ్న: మామిడి తోట కాపలాకు పెంచుకుంటున్న మా నాలుగేళ్ల కుక్కకు పొట్ట మీద, తొడల లోపలి వైపు చీము పొక్కులు లేచి వెంట్రుకలు రాలిపోతున్నాయి. సెఫాలెక్సిన్ మాత్రలు ఐదు రోజులు వేస్తే తగ్గి, పది రోజులకే తిరగబెట్టింది. తరువాత అమాక్సిసిలిన్-క్లావులనేట్ వేసినా గుణం కనిపించలేదు. ఇంతకన్నా బలమైన ఇంజెక్షన్ ఏదైనా తెలుపగలరు.
– ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: కుక్కల్లో ఇటువంటి చీము పొక్కులకు ఎక్కువగా కారణమయ్యేది, వాటి చర్మంపై మామూలుగానే ఉండే స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా. దీనిలో పెన్సిలిన్ జాతికి చెందిన మెథిసిలిన్‌కు లొంగని రకాలలో పెన్సిలిన్ జాతి మందులు పట్టుకోవలసిన ప్రోటీన్ మారిపోయి ఉంటుంది కనుక సెఫాలెక్సిన్ గానీ, క్లావులనేట్ కలిపిన అమాక్సిసిలిన్ గానీ వాటిపై పనిచేయవు. బలమైనదని చాలామంది అడిగి వేయించుకునే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కూడా ఆ కోవకే చెందినది. కాబట్టి దయచేసి దానిని వేయించకండి.

అయితే మీ కుక్కకున్నది మొండి బాక్టీరియాయేనని ఇప్పుడే నిర్ధారించలేము. ఐదు రోజుల మందు ఇటువంటి వ్యాధికి సాధారణంగా చాలదు. పైగా గజ్జి పురుగులు, గోమార్లు, ఎలర్జీ వంటి మూలకారణం అలాగే ఉండిపోతే ఏ మందు వేసినా వ్యాధి తిరగబెడుతుంది. ముందుగా చర్మాన్ని గీకి తీసిన నమూనాను, చీమును మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ తరువాత, పగలని పొక్కు నుంచి తీసిన చీముతో కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష (బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయించాలి. మీకు దగ్గరలో ఉన్న గన్నవరం ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల వైద్యులను సంప్రదించండి. నమూనా తీసేముందు మందు ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలా అన్నది వారినే అడగండి.

రిపోర్టు వచ్చాక చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఈ పరీక్షలో బాక్టీరియా పెంచిన పళ్లెంలో మందు అద్దిన బిళ్లలు పెడతారు; బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఏ మందుకు పెద్దదిగా ఉంటే అదే మంచి మందనుకుంటారు. ప్రతి మందుకూ కొలత వేరు. ఒక మందుకు 18 మిల్లీమీటర్ల వలయం చాలినంత కావచ్చు, మరొక మందుకు అదే వలయం నిరోధకతకు గుర్తు కావచ్చు. మెథిసిలిన్ బదులు ల్యాబ్‌లో పరీక్షించే ఆక్సాసిలిన్‌కు నిరోధకత ఉన్నట్లు వస్తే, సెఫాలెక్సిన్ పనిచేస్తుందని కాగితంలో ఉన్నా నమ్మరాదు. ఎరిత్రోమైసిన్‌కు లొంగక క్లిండామైసిన్‌కు లొంగినట్లు కనిపిస్తే ఎరిత్రోమైసిన్ ప్రభావంతో క్లిండామైసిన్‌కు కూడా నిరోధకత బయటపడుతుందేమో చూసే డి-టెస్ట్ చేయమని ల్యాబ్‌ను అడగాలి, లేకుంటే చికిత్స మధ్యలోనే మందు విఫలం కావచ్చు.

డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్ వంటివి పనిచేస్తాయని తేలితే వైద్యులు వాటినే ముందుగా ఎంచుకోవడం సబబు. అమికాసిన్ మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు కనుక రక్త, మూత్ర పరీక్షలు చేయిస్తూ వాడాలి. క్లోరాంఫెనికాల్ ఇవ్వవలసి వస్తే, అది మనుషులలో ఎముక మజ్జను అరుదుగానైనా ప్రాణాంతకంగా దెబ్బతీసే మందు కనుక చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. లినెజోలిడ్, వాంకోమైసిన్‌లను మాత్రం మనుషుల ప్రాణాపాయ జబ్బులకే వదిలేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

వ్యాధి చర్మం పైపొరకే పరిమితమైతే, బాక్టీరియా మొండిదైనా సరే, పైపూత చికిత్సతోనే తరచుగా నయమవుతుంది. ఈలోగా 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న పశువైద్య షాంపూతో వారానికి రెండు మూడుసార్లు స్నానం చేయించండి. నురుగును పది నిమిషాలు ఉంచి కడగాలి, కళ్లలో, చెవుల్లో పడనీయరాదు. స్టెరాయిడ్ కలిసిన మనుషుల క్రీములు పూయకండి. ఈ బాక్టీరియా అరుదుగా మనుషులకూ సోకుతుంది కాబట్టి ఇంట్లో మధుమేహం గానీ, మానని పుండు గానీ ఉన్నవారికి స్నానం పని అప్పగించవద్దు. మాత్రలు మొదలుపెట్టాక పొక్కులు ఎండాయని మీకు మీరే ఆపేయక, వైద్యుడు మళ్లీ చూసి చెప్పేవరకు కొనసాగించండి.