ఎగిరే ముందు హనుమంతుడు ఏం చేశాడు?

మాంబళం, చెన్నై

అమ్మాయీ, ఆశీస్సులు.

కథంతా మనసులో ఉంది, రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడటం లేదన్నావు. ఇంట్లో రామాయణం ఉందిగా. కిష్కింధకాండ 66వ సర్గ నుంచి సుందరకాండ మొదటి సర్గ దాకా చదువు. పారాయణంలా కాదు, రాసేవాళ్ళ కళ్ళతో. తాత్పర్యం చాలు.

66లో జాంబవంతుడు హనుమంతుడికి అతని బలం గుర్తుచేస్తాడు. 67లో తను ఎలా ఎగరబోతాడో హనుమంతుడే చెబుతాడు: కదిలే సముద్రం, వెంట ఎగిరొచ్చే చెట్ల పూలు. సర్గ ముగిసేసరికి కాళ్ళింకా కొండమీదే, మనసు మాత్రం లంకలో. అందులో గెలుపు మాటా ఉంది, కానీ ఎక్కువ భాగం ప్రయాణమే. కొత్తవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. అచ్చయిన పుస్తకాన్ని, సభలో శాలువాని ఊహించుకుంటారు. మనసు దాంతోనే తృప్తిపడిపోతుంది, ఇక కలం ఎందుకు కదులుతుంది? నువ్వు ఊహించాల్సింది ఇవాళ రాయబోయే సన్నివేశం. అది రంగనాథన్ వీధిలో జరిగితే ఆ వీధి మొదట్లో నిలబడు. చేతిసంచి ఎంత బరువు, ఎవరి భుజం తగిలింది, ఏ కేక వినిపించింది? ఐదు నిమిషాలు, అంతే. మించితే పగటికల. వెంటనే ఐదు వాక్యాలు రాసెయ్.

ఇక దారిలో అడ్డంకులు. సముద్రంలోంచి లేచిన కొండ మైనాకుడు మంచివాడే, కాసేపు ఆగి సేదతీరమంటాడు. ‘ఇంకో నాలుగు పుస్తకాలు చదివి రాస్తా’ అనిపిస్తే అది మైనాకం. చేత్తో తాకి సాగిపో. నోరు తెరిచి దారికడ్డం నిలిచిన సురసతో మాత్రం పోటీ పడకు. హనుమంతుడు పెరిగేకొద్దీ ఆమె నోరు నూరు యోజనాలైంది. చివరికి అతను బొటనవేలంతై లోపలికెళ్ళి బయటపడ్డాడు. నవల భయపెడుతుంటే ఒక్క పేరాకి దిగు.

సింహిక అనే రాక్షసి వేరు. నీడను పట్టి లాగుతుంది, ఎందుకు ఆగామో తెలియదు. హనుమంతుడు పైకి, కిందికి, పక్కలకి చూశాకే అది కనిపించింది. అప్పుడు దాని లోపలికే వెళ్ళి మర్మస్థానాలు చీల్చాడు. ఇంట్లోవాళ్ళు నీ కథలో తమని గుర్తుపడతారన్న జంకు అలాంటిది. దాన్ని మైనాకమనుకుని దాటేయబోతే మూడో పేజీలో మళ్ళీ లాగుతుంది. ఆ జంకేమిటో కాగితం మీద పెట్టు, ఒక పాత్రకి ఇచ్చెయ్.

(ఇది రచయిత చదివే తీరు. దీన్ని పట్టుకుని మీ తాతగారితో వాదనకి దిగకు.)

అప్పటికీ కదలకపోతే సుందరకాండ 12, 13 సర్గలు చూడు. సీత కనబడక ప్రాణం తీసుకుందామనే దాకా వెళ్ళినవాడు, వెతకని చోటు ఇంకా అశోకవనం ఉందని గమనిస్తాడు. నీ చిత్తుప్రతిలో ఇంతవరకూ నోరు విప్పని పాత్ర ఎవరో చూసి, రేపు పొద్దున్న అక్కణ్ణించి మొదలుపెట్టు.