డచ్ సమాసాలను ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊనాలి?

పొడవైన డచ్ సమాసం ఎదురైతే ఎక్కడ విరిచి చదవాలో, ఏ అక్షరాన్ని నొక్కి పలకాలో తెలియడం లేదని మీరు అడిగారు. నెదర్లాండ్స్‌లోని ఐంట్‌హోవెన్ నగరంలో ఉంటున్న నాకూ మొదట్లో ఇదే ఇబ్బంది ఉండేది. దానికి కారణం డచ్ వ్యాకరణం కన్నా మన సంధి అలవాటేనని ఆలస్యంగా గ్రహించాను.

పన్నుకు ‘టాండ్’, వైద్యుడికి ‘ఆర్ట్స్’ అనే మాటలను కలిపి దంతవైద్యుణ్ణి పిలుస్తారు. హల్లు పక్కన అచ్చు కనబడితే కలిపేయడం మన నాలుకకు అలవాటు కాబట్టి నేను ‘టాన్-డార్ట్స్’ అనేవాణ్ణి. ఫోనులో అవతలి ఆమె మళ్లీ చెప్పమనేది. సరైన పలుకు ‘టాంట్-ఆర్ట్స్’. డచ్‌లో మాట చివరి డకారం టకారంగా వినిపిస్తుంది, సమాసంలో పక్కన అచ్చు వచ్చి చేరినా పూర్వపదం తన అంచును వదులుకోదు. మనకు వాక్కు, ఈశుడు కలిస్తే వాగీశుడై పరుషం (క) సరళం (గ) అవుతుంది. ఇక్కడ వ్యవహారం సరిగ్గా తలకిందులు. మా ఊరు ఐంట్‌హోవెన్ పేరులోనూ టకారం వినిపించే చోట రాతలో ఉన్నది డకారమే.

ఈ అంచు హ్రస్వదీర్ఘాలను కూడా నిర్ణయిస్తుంది. చెట్లను ‘బో-మెన్’ అంటారు, అక్షరం అచ్చుతో ముగిసింది కనుక ఓకారం దీర్ఘం. బాంబు హెచ్చరికను తెలిపే ‘బొమ్-అలార్మ్’లోనూ ఒకే మకారం, దాని పక్కన అచ్చు ఉన్నప్పటికీ, ‘బొమ్’ విడి మాట కాబట్టి ఒకారం హ్రస్వంగానే నిలుస్తుంది. ‘క్వార్ట్‌స్లాఖెన్’ను సకారానికి ముందు విరిస్తే పావు మలుపులు, తర్వాత విరిస్తే స్ఫటికశిల పొరలు, రాతలో రెండూ ఒకటే కాబట్టి సందర్భమే దిక్కు.

ఊనిక, అంటే నొక్కి పలకడం, సాధారణంగా పూర్వపదం మీదే పడుతుంది. దీర్ఘాన్ని గురువుగా లెక్కించే మన చెవి రైలు టికెట్టు అనే అర్థమున్న ‘ట్రైన్‌కార్ట్యె’లో ‘కార్’ను నొక్కమంటుంది గాని, నొక్కవలసింది ‘ట్రైన్’నే. పురపాలక భవనమైన ‘స్టాట్‌హౌస్’, శీతకాలపు ఆకుకూర ‘బూరెన్‌కోల్’, ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్ వంటి ఊళ్ల పేర్లు మాత్రం చివర ఊనిక కోరతాయి. వీటిని కంఠస్థం చేయడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

క్రియలలో మరింత జాగ్రత్త అవసరం. ‘వోర్‌కోమెన్’లో ‘వోర్’ను నొక్కితే సంభవించడం, ‘కో’ను నొక్కితే నివారించడం; మొదటి అర్థంలో వాక్యంలో ‘వోర్’ విడిపోయి చివరికి పోతుంది, రెండో అర్థంలో అతుక్కునే ఉంటుంది. తికమక వస్తుందనుకున్న చోట డచ్‌వారే ఊనిక పడే అచ్చుపై చిన్న వాలుగీత పెడతారు.