పసిపాప రొమ్ములు ఉబ్బాయి, పిండమంటున్నారు.. పిండొచ్చా?

ప్రశ్న: మాకు మొదటి సంతానం, పాప. పుట్టి 9 రోజులైంది. నార్మల్ డెలివరీ. పుట్టినప్పుడు 2.9 కిలోలుంది, ఏడో రోజు తూస్తే 2.75 వచ్చింది. నడుము కింద, పిరుదుల మీద నీలం మచ్చలున్నాయి. గ్రహణం రోజు నేను బయటికి రావడం వల్లేనని ఇంట్లో అంటున్నారు. రెండు రొమ్ములూ ఉబ్బి పాలలాంటి చుక్కలు వస్తున్నాయి, పిండేయాలని మా అత్తయ్యగారు చెబుతున్నారు. ఐదో రోజు డైపర్‌లో కాస్త రక్తం కనిపించింది. ఆస్పత్రిలో పాప మడమ నుంచి రక్తం తీశారు, చెవికి ఏదో పరీక్ష చేశారు. ఎందుకో చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అన్నిటికన్నా ముందు ఒక్క మాట. పాప రొమ్ములను పిండకండి, ఎవరినీ పిండనివ్వకండి.

కడుపులో ఉన్నన్నాళ్లూ మీ హార్మోన్లు మాయ ద్వారా పాపకు చేరాయి. వాటి ప్రభావంతోనే ఆ రొమ్ములు ఉబ్బాయి, ఆ చుక్కలు వస్తున్నాయి. మగపిల్లల్లోనూ ఇలా జరుగుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పిండితే మాత్రం లేత చర్మం గాయపడి, లోపలికి సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. అలా చీము పట్టిన పసివాళ్లను నేను చూశాను. ఒక పాపకైతే కోసి చీము తీయాల్సి వచ్చింది. ఇన్ని రోజుల బిడ్డకు ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకడానికి ఎక్కువ సమయం పట్టదు. పైగా లోపలి మొగ్గ దెబ్బతింటే, పెద్దయ్యాక ఆ వైపు రొమ్ము సరిగా ఎదగకపోవచ్చు. మీ అత్తయ్యగారు పాప మంచి కోరే చెబుతున్నారు, ఆవిడకు ఈ జవాబు చదివి వినిపించండి. ఒక వైపు ఎర్రబడినా, వేడిగా ఉన్నా, ముట్టుకుంటే పాప ఏడుస్తున్నా అదే రోజు డాక్టరుకు చూపించండి.

డైపర్‌లో రక్తం కూడా ఈ హార్మోన్ల వల్లే. పుట్టాక మీ నుంచి వచ్చే హార్మోన్లు ఒక్కసారిగా ఆగిపోయేసరికి గర్భాశయం లోపలి పొర కొద్దిగా ఊడి వస్తుంది. ఆడపిల్లల్లో మొదటి వారంలో ఇది మామూలే. మూడు నాలుగు రోజులు దాటి సాగినా, ఎక్కువగా పోతున్నా, ముక్కు నుంచో బొడ్డు నుంచో కూడా రక్తం వస్తున్నా ఆలస్యం చేయకండి. రక్తం గడ్డకట్టడానికి పుట్టగానే ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారో లేదో డిశ్చార్జి కార్డులో చూసుకోండి.

ఇక నీలం మచ్చలు. చర్మానికి రంగునిచ్చే కణాలు కొన్ని పైపొరకు చేరకుండా లోతుగా ఉండిపోతే, పై నుంచి చూసినప్పుడు నీలంగా కనిపిస్తాయి. మన పిల్లల్లో ఇవి చాలా ఎక్కువ. గ్రహణానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు. ఆ రోజు మీరు గదిలోంచి కదలకపోయినా ఈ మచ్చలు వచ్చేవే. బాలింత మనసుకు ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు, అందుకే నొక్కి చెబుతున్నాను: మీ తప్పు లేదు. చాలావరకు బడి ఈడు వచ్చేసరికి అవి వెలిసిపోతాయి. మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో కార్డులో రాయించుకోండి, రేపు ఎవరూ వాటిని దెబ్బలనుకోకుండా ఉంటుంది.

బరువు గురించి బెంగ వద్దు. పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం మామూలే, మీ పాప 5 శాతమే తగ్గింది. రెండు వారాలకల్లా మళ్లీ 2.9కి రావాలి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

కంటికి కనిపించి మిమ్మల్ని భయపెట్టినవి ఇవి. వీటిలో ఏదీ పాపకు హాని చేసేది కాదు. హాని చేసేవి కొన్ని బయటికి కనిపించవు, వాటి కోసమే ఆ పరీక్షలు చేశారు.

చెవి పరీక్ష వినికిడి కోసం. పుట్టిన కొత్తలో చెవిలో ద్రవం ఉండి కొందరు మొదటిసారి పాస్ కారు. అలాంటప్పుడు నెలలోపు మళ్లీ చేయించాలి. నిజంగా లోపం ఉంటే మూడో నెలకల్లా తేల్చి, ఆరో నెలకల్లా చికిత్స మొదలుపెడితే పాపకు మాటలు వస్తాయి. గుండె లోపాల కోసం కుడిచేతికి, ఒక కాలికి ఆక్సిజన్ చూసే పరికరం పెడతారు. కంట్లో లైటు వేసి శుక్లం ఉందేమో, తొడలు విప్పి తుంటి కీలు జారుతోందేమో చూస్తారు. ఇవి జరిగాయో లేదో అడగండి. పాపను గుడ్డలో చుట్టేటప్పుడు కాళ్లు తిన్నగా లాగి బిగించకండి, తుంటికి మంచిది కాదు.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే మీరే కబురు చేయండి. పాప పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలినా చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, కామెర్లతో అరచేతులు అరికాళ్లు పచ్చబడినా 108కి ఫోన్ చేయండి. పచ్చదనం రెండు వారాలు దాటినా, మలం సున్నంలా తెల్లగా వస్తున్నా డాక్టరుకు చూపించాల్సిందే. కామెర్లకు ఎండలో పెట్టడం చికిత్స కాదు.

మడమ రక్తం మాట చివరికి ఉంచాను, ఎందుకంటే మీరు ఇప్పుడే చేయాల్సిన పని అందులోనే ఉంది. అందులో ముఖ్యంగా చూసేది థైరాయిడ్ హార్మోను లోపం ఉందేమోనని. మన దేశంలో సుమారు వెయ్యి మందిలో ఒకరు ఈ లోపంతో పుడతారు. తల్లి నుంచి వచ్చిన హార్మోను కొంత మిగిలి ఉంటుంది కాబట్టి బిడ్డ బాగానే కనిపిస్తుంది. లక్షణాలు బయటపడేసరికి మెదడుకు నష్టం జరిగిపోతుంది. ముందే తెలిస్తే రోజుకో చిన్న మాత్ర నూరి తల్లిపాలలో ఇస్తే సరిపోతుంది. పాప అందరిలాగే ఎదుగుతుంది. ఆ మాత్ర రెండు వారాల్లోపు మొదలవ్వాలి. రక్తం తీసినవాళ్లు రిపోర్టు గురించి ఫోన్ చేస్తారని ఎదురుచూడకండి. డిశ్చార్జి కార్డు మీద నంబరుకు ఈ రోజే ఫోన్ చేసి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ లోపాన్ని పట్టిచ్చే అంకె) ఎంత వచ్చిందో అడిగి కార్డు మీద రాసుకోండి.